20 వాట్ల ట్యూబ్ హెడ్‌కి ఈ పాత స్పీకర్ క్యాబ్ పెట్టొచ్చా?

కొర్లగుంట గిటార్
మాది తిరుపతి. 20 వాట్ల ట్యూబ్ హెడ్ (స్పీకర్ లేని గిటార్ యాంప్) ఒకటి కొన్నాను, వెనక 8 ఓమ్స్, 16 ఓమ్స్ జాక్‌లు మాత్రమే ఉన్నాయి. ఫ్రెండ్ దగ్గర రెండు 12 అంగుళాల స్పీకర్లున్న పాత క్యాబ్ ఉంది, ఒక్కోదాని మీద 8 ఓమ్స్, 25 వాట్స్ అని రాసుంది కానీ లోపల వైరింగ్ ఎలా చేశారో వాడికీ తెలీదు. ఇంకా ఆన్ చెయ్యలేదు. గిటార్ కేబుల్‌తో కలిపేస్తే సరిపోతుందా? ఓవర్‌డ్రైవ్ (సౌండ్‌ని గరగరలాడించేది), డిలే (ప్రతిధ్వనిలా రిపీట్ చేసేది) పెడల్స్ ఎక్కడ పెట్టాలి? గంగమ్మ జాతరకి స్టేజ్ షో ఉంది, టెన్షన్‌గా ఉంది.

చిత్తూరు సోల్డర్
ఆన్ చెయ్యకుండా అడిగావు, చాలా మంచి పని చేశావు తమ్ముడూ. ముందు ఓమ్స్ తేల్చుకో, మిగతావన్నీ తర్వాత. రెండు 8 ఓమ్స్ స్పీకర్లు ప్యారలల్‌లో ఉంటే 4, సిరీస్‌లో ఉంటే 16, ఆ రెంటితో 8 రానే రాదు. క్యాబ్‌కి కేబుల్ గుచ్చి, రెండో చివర ప్లగ్ మొన మీద ఒక ప్రోబ్, కింది లోహపు గొట్టం మీద ఇంకోటి ఆనించి మల్టీమీటర్‌లో చూడు. 3 దగ్గర చూపిస్తే అది 4 ఓమ్స్ క్యాబ్, 12, 13 చూపిస్తే 16. మీటర్ చూసేది డీసీ రెసిస్టెన్స్ కాబట్టి రాసినదాని కన్నా తక్కువే వస్తుంది. 4 అని తేలితే అలాగే 8 జాక్‌లో పెట్టకు, ట్యూబులు అనవసరంగా వేడెక్కి తొందరగా పోతాయి.

గిటార్ కేబుల్ మాత్రం అస్సలు వద్దు. లోపలి తీగ సన్నం, స్పీకర్‌కి పోయే కరెంట్‌ని తట్టుకోలేదు. వాయిస్తుండగా అది తెగిందంటే హెడ్‌కి లోడ్, అంటే స్పీకర్, పోయినట్టే, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజ్ విపరీతంగా పెరిగి కాయిల్ కాలిపోవచ్చు. వాట్స్ గురించి దిగులొద్దు, రెండు 25లు కలిపి 50, నీ హెడ్‌కి ధారాళంగా సరిపోతుంది.

భవానీనగర్ బ్లూస్
అన్న చెప్పినదానికి ఒకటి కలుపుతా. సిరీస్‌లో ఒక స్పీకర్ కాయిల్ తెగితే రెండూ ఆగిపోతాయి, హెడ్‌కి లోడ్ ఉండదు. కాబట్టి సౌండ్ ఉన్నట్టుండి ఆగితే వాల్యూమ్ పెంచి చూడొద్దు, వెంటనే స్టాండ్‌బైలో పెట్టు.

పెడల్స్‌కొస్తే ఓవర్‌డ్రైవ్ గిటార్‌కీ హెడ్‌కీ మధ్యలో, డ్రైవ్ తక్కువ, లెవెల్ ఎక్కువ పెట్టు, అప్పుడు ప్రీయాంప్ (హెడ్‌లో మొదటి దశ) ట్యూబులే పలుకుతాయి, ఆ సౌండ్ పెడల్‌లో రాదు. హెడ్‌లోనే డిస్టార్షన్ వాడితే డిలే ఎఫెక్ట్స్ లూప్‌లో (ప్రీయాంప్ తర్వాత పెడల్ కలిపే జాక్‌లు) ఉండాలి, లేకపోతే రిపీట్లన్నీ డిస్టార్షన్‌లో పడి ముద్దయిపోతాయి. క్లీన్‌గా వాయించేవాళ్లకి ఈ గొడవ లేదు, ఫెండర్ డీలక్స్ రివర్బ్ లాంటి 22 వాట్ల యాంప్‌కి లూపే లేదు, డిలే ముందు పెట్టుకునే హాయిగా వాయిస్తారు.

జాతర స్టేజ్ జనరేటర్ మీద నడుస్తుంటే లైట్లన్నీ వేశాక వోల్టేజ్ ఎంతుందో చూసి అప్పుడు ఆన్ చెయ్యి.

కొర్లగుంట గిటార్
థాంక్స్ అన్నా ఇద్దరికీ. మీటర్ 3.3 చూపించింది. వెనక చెక్క విప్పి చూస్తే రెండు ప్లస్‌లూ ఒకే తీగకి ఉన్నాయి. సిరీస్ చేసి 16లో పెడతా. మొదటి స్పీకర్ మైనస్‌ని రెండోదాని ప్లస్‌కి కలపాలి, అంతేగా?

చిత్తూరు సోల్డర్
అంతే. మిగిలిన ప్లస్ జాక్ మొనకి, మైనస్ గొట్టానికి. సోల్డర్ చేశాక మళ్లీ కొలువు, 13 దగ్గర వస్తేనే హెడ్ కలుపు.