18 అడుగుల పడవకి ఎలక్ట్రిక్ పాట్ పుల్లర్: ఎంత బలం, ఎంత వేగం, ఏ వైరు?

బోథెల్_బోటు:

అందరికీ నమస్కారం. మాది 18 అడుగుల అల్యూమినియం ఓపెన్ పడవ, 60 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్, గ్రూప్ 24 బ్యాటరీ ఒకటే. వాషింగ్టన్ రాష్ట్రంలో ఎవరెట్ దగ్గర డంజెనెస్ పీతలకి 60 నుంచి 90 అడుగుల లోతులో బుట్టలు (పాట్‌లు) వేసి చేత్తోనే లాగుతున్నాం, ఇబ్బంది లేదు. వచ్చే మే నెలలో హుడ్ కెనాల్‌లో స్పాట్ రొయ్యలకి వెళ్దామని ఉంది. అక్కడ లోతు 250, 300 అడుగులు. పాట్ తాడుని మోటారుతో పైకి లాగే ఎలక్ట్రిక్ పుల్లర్ కొందామంటే ఒకరు 50 పౌండ్లంటారు, ఇంకొకరు 200 అంటారు. ఎంత బలం ఉన్నది సరిపోతుంది? ఈ ఒక్క బ్యాటరీ తట్టుకుంటుందా? పడవ అంచుకి ఇప్పటికే ఉన్న రాడ్ హోల్డర్ (గాలం కర్ర నిలబెట్టేది) బేస్‌లో బిగించే రకం తీసుకోవచ్చా?

ఉప్పునీళ్ళు:

పీతలకే అయితే పుల్లర్ అక్కర్లేదండీ. రొయ్యల కోసమే కొనండి, ఆ లోతుకి తగ్గట్టే కొనండి. హుడ్ కెనాల్‌లో ఈమధ్య సీజన్లు ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 దాకానే తెరుస్తున్నారు. పడవకి నాలుగు పాట్‌లు, ఉండేది నాలుగు గంటలు. అందుకని ముందు చూడాల్సింది వేగం. బలం ఆ తర్వాత.

300 అడుగుల లోతుకి 400 అడుగుల తాడు వేస్తారు. అంతకు తక్కువైతే ఆటుపోటు గట్టిగా ఉన్నప్పుడు తాడు పై కొసకి కట్టి తేలించే బోయా మునిగిపోతుంది. నిమిషానికి 100 అడుగులు లాగే మెషిన్ ఒక పాట్‌ని నాలుగు నిమిషాల్లో పైకి తెస్తుంది. 60 అడుగులే లాగితే దాదాపు ఏడు నిమిషాలు. నాలుగు పాట్‌లకీ కలిపి పది నిమిషాలకు పైగా తేడా, అదీ ఒక్క రౌండులో.

ఇక బరువు సంగతి. రొయ్యల పాట్ తేలిగ్గానే ఉంటుంది, కానీ ప్రవాహానికి జరగకుండా లోపల 10 పౌండ్లో అంతకన్నా ఎక్కువో బరువు కడతాం. నీళ్ళలో కాస్త తగ్గుతుంది, లోపల సీసం ఉన్న తాడు బరువు కొంత కలుస్తుంది, వలకి నీటి ఒత్తిడి ఉంటుంది. అన్నీ కలిపి మామూలుగా 25 నుంచి 40 పౌండ్ల లాగుడు. అయితే వేగాన్ని ఒకటిన్నర రెట్లు చేస్తే నీటి ఒత్తిడి రెండుంపావు రెట్లవుతుంది. పడవ కొట్టుకుపోతూ తాడుని పక్కకి ఈడ్చినా లోడు ఒక్కసారిగా ఎక్కుతుంది. కాబట్టి 50 పౌండ్ల రేటింగ్ ఉన్నది ఎప్పుడూ చివరి అంచు మీదే పనిచేస్తుంది. 100 పౌండ్ల దగ్గర ఉన్నది తీసుకోండి. 200 మీ పడవకి వద్దు, ఎందుకో కింద ఎవరైనా చెబుతారు.

డబ్బా మీద రాసే వేగం చాలాసార్లు ఖాళీగా తిరిగేటప్పటిది. అమ్మేవాళ్ళని 50 పౌండ్ల లోడు మీద నిమిషానికి ఎన్ని అడుగులు, అప్పుడు ఎన్ని ఆంప్స్ అని అడగండి. ఈ రెండూ చెప్పలేకపోతే ఆ మెషిన్ వదిలేయండి.

అన్నిటికంటే ఎక్కువ గొడవ పెట్టేది కప్పీ చక్రం, తాడు పొంతన కుదరకపోవడం. చక్రం గాడి V ఆకారంలో ఉంటుంది, తాడు అందులో ఇరుక్కుంటేనే పట్టు. పావు అంగుళం తాడుకి చేసిన గాడిలో 3/8 తాడు లోపలికి దిగదు. పెద్ద గాడిలో సన్న తాడు అడుగుకి జారిపోయి పట్టు వదిలేస్తుంది. రొయ్యలకి పావు అంగుళమో 5/16 అంగుళమో సీసం కోర్ తాడు వాడండి. ఈ రాష్ట్రంలో తాడు నీటి పైన తేలకూడదనే రూల్ ఉంది, సీసం తాడుతో ఆ బెంగా ఉండదు. రెండు తాళ్ళు కలపాల్సివస్తే ముడి వేయకండి, పేటలు విప్పి అల్లండి. ముడి గాడిలోంచి ఎగిరి బయటికొస్తుంది, లేదా తాడుని విడదీసే స్ట్రిప్పర్ దగ్గర ఇరుక్కుంటుంది.

వైరింగ్_పని:

పైన చెప్పినదంతా సరైనదే. బ్యాటరీ లెక్క నేను చెబుతాను.

40 పౌండ్లని నిమిషానికి 100 అడుగుల వేగంతో లాగడానికి దాదాపు 90 వాట్ల పని. మోటారు, గేరుబాక్సు కలిపి సగం వృథా చేస్తాయనుకుందాం, 12 వోల్టుల మీద 15 ఆంప్స్. 80 పౌండ్లయితే 30. సగటున 20 ఆంప్స్ చొప్పున నాలుగు నిమిషాలంటే పాట్‌కి 1.3 ఆంప్-అవర్లు. నాలుగు పాట్‌లు మూడేసిసార్లు లాగితే 16. గ్రూప్ 24 డీప్ సైకిల్ ఇది తేలిగ్గా ఇస్తుంది. ఇంజిన్ స్టార్ట్ చేసేదీ ఆ బ్యాటరీయే కావడం ఒక్కటే నాకు నచ్చనిది. ఐడిల్‌లో ఆల్టర్నేటర్ ఇచ్చేది దాని రేటింగులో కొంతే, దాన్ని నమ్ముకోవద్దు. పుల్లర్‌కి వేరే బ్యాటరీ పెట్టండి. 50 ఆంప్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ చాలు, ఇంట్లోనే దాని ఛార్జర్‌తో నింపుకోండి, ఔట్‌బోర్డ్ నుంచి నేరుగా ఛార్జ్ చేయకండి.

వైరు దగ్గర కక్కుర్తి పడకండి. బ్యాటరీ నుంచి పుల్లర్‌కి 15 అడుగులుంటే రానూ పోనూ 30 అడుగులు. 30 ఆంప్స్ దగ్గర 10 గేజ్ వైరులో 0.9 వోల్టు పోతుంది, 6 గేజ్‌లో (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు) 0.36 వోల్టు. ఆ సగం వోల్టు తేడాకే మోటారు నెమ్మదిస్తుంది. తగరం పూత ఉన్న మెరైన్ వైరే వేయండి, మామూలు రాగి వైరుని ఉప్పు తేమ లోపల్నుంచి నల్లగా తినేస్తుంది. బ్యాటరీ పాజిటివ్ నుంచి 7 అంగుళాల లోపే బ్రేకర్ ఉండాలి. ఎన్ని ఆంప్స్‌దో పుల్లర్ మాన్యువల్ చూసి పెట్టండి, 6 గేజ్‌కి 40 ఆంప్స్‌ది భయం లేదు. సిగరెట్ లైటర్ ప్లగ్గుతో వచ్చే పుల్లర్ ఏదైనా సరే, ఈ లోతుకి పనికిరాదు.

అంచు_బలం:

రాడ్ హోల్డర్ బేస్ వద్దండీ. పుల్లర్ చేయి పడవ బయటికి రెండడుగులు చాచి ఉందనుకోండి, 80 పౌండ్ల లాగుడుకి బేస్ మీద పడేది 160 ఫుట్-పౌండ్ల మెలి. ఆ బేసులు నాలుగు చిన్న స్క్రూలతో పల్చటి రేకుకి బిగించినవి, మొదట రేకు వంగుతుంది, తర్వాత స్క్రూలు ఊడతాయి. అంచు కింద పావు అంగుళం మందం అల్యూమినియం పలక పెట్టి, 3/8 స్టెయిన్‌లెస్ బోల్టులు అంచు, పలక రెండింటి గుండా వేయండి. స్టెయిన్‌లెస్, అల్యూమినియం తగిలేచోట టెఫ్-జెల్ (తుప్పు పట్టకుండా రాసే పేస్టు) రాయండి, లేకపోతే ఉప్పునీటికి అల్యూమినియం తెల్లగా పొడి అయిపోతుంది.

కప్పీ ఎత్తు కూడా చూసుకోండి. పాట్ ఎత్తు, దాని పైన కట్టే బ్రైడిల్ పొడవు కలిపి 30 అంగుళాలుంటే, కప్పీ పడవ అంచుకి అంతకంటే పైన ఉండాలి. లేదంటే బ్రైడిల్ కప్పీకి తగిలేసరికి పాట్ ఇంకా అంచు కిందే వేలాడుతుంది, అప్పుడు వంగి చేత్తో ఎత్తాల్సిందే. వెనక మూల బిగించవద్దు, తాడు ప్రొపెల్లర్‌లో పడుతుంది. స్టీరింగ్‌కి కాస్త ముందు, నడిపేవాళ్ళకి కనపడేచోట పెట్టండి.

200 పౌండ్లది వద్దన్నది ఇందుకే: పాట్ బురదలోనో రాయికో పట్టుకుంటే బలమైన మెషిన్ పాట్‌ని లేపదు, పడవ అంచుని నీళ్ళలోకి లాగుతుంది. ఇద్దరూ చూద్దామని అటే వంగితే ఇంకా ప్రమాదం. తాడు కదలడం ఆగగానే స్విచ్ వదిలేయండి, బిగువు తీసేసి తాడుని పడవ ముక్కు దగ్గర క్లీట్‌కి (తాడు చుట్టి కట్టే కొక్కేనికి) మార్చండి, పాట్ వేసిన దిశకి ఎదురుగా నెమ్మదిగా నడిపితే చాలాసార్లు ఊడివస్తుంది. పక్క క్లీట్‌కి ఎప్పుడూ కట్టకండి. స్విచ్ నొక్కినంతసేపే తిరిగే రకమై ఉండాలి. తాడు తిరుగుతుండగా చక్రం దగ్గరికి చెయ్యి, గ్లవ్ పోనీయకండి, కత్తి ఒకటి చేతికందేచోట ఉంచండి.

బోథెల్_బోటు:

చాలా థాంక్స్ అండీ. క్రెయిగ్స్‌లిస్ట్‌లో వాడిన ఏస్ పుల్లర్ ఒకటి కనిపించింది. పాతది కొనేటప్పుడు ఏం చూడాలి?

ఉప్పునీళ్ళు:

గాడి లోపలి గోడలు అద్దంలా నునుపుగా అరిగి ఉంటే తడి తాడు జారుతుంది, చక్రం మార్చడానికయ్యే ఖర్చు ధరలో తగ్గించి అడగండి. చక్రాన్ని చేత్తో అటూ ఇటూ ఊపండి, ఆడితే బేరింగ్ పోయినట్టే. స్విచ్ రబ్బరు తొడుగు చిరిగి ఉంటే లోపల పచ్చ తుప్పు ఉంటుంది. ఖాళీగా తిప్పి చూపిస్తే ఒప్పుకోకండి. 5 గ్యాలన్ల బకెట్ నిండా నీళ్ళు పోస్తే 42 పౌండ్ల దాకా తూగుతుంది, దాన్ని తాడుకి కట్టి ఎత్తించండి. ఎత్తుతుండగా బ్యాటరీ దగ్గర, పుల్లర్ టెర్మినల్స్ దగ్గర మీటర్ పెట్టండి. తేడా అర వోల్టు దాటితే ముందు వైర్లని, జాయింట్లని అనుమానించండి. వోల్టేజీ బాగుండి కూడా చక్రం మూలుగుతూ తిరిగితే మోటారు బ్రష్షులో గేరుబాక్సో అరిగాయి.