కొటేషన్‌లోని పదాలన్నీ నేర్చుకోవాలా, లైసెన్స్ చూసి పని ఇచ్చేస్తే చాలా? (ఫీనిక్స్ పెరటి పని)

చాండ్లర్_కొత్తిల్లు:
అందరికీ నమస్తే. ఫీనిక్స్ పక్కనే చాండ్లర్‌లో ఇల్లు కొన్నాం. ముందువైపు బిల్డరే కంకర పోసి నాలుగు మొక్కలు పెట్టాడు కానీ పెరడంతా ఒట్టి మట్టి. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు పెరటి పని పూర్తిచేయడానికి గడువు పెట్టారు. రెండు కొటేషన్లు వచ్చాయి. మొదటిదాంట్లో "జెరిస్కేప్ ప్యాకేజీ, లో మెయింటెనెన్స్" అని ఒకే లైను, కింద ఒక అంకె. రెండోది రెండు పేజీలు: "3/4 స్క్రీన్డ్, 2 అంగుళాల మందం", "దారికి 1/4 మైనస్", "24 ఇంచ్ బాక్స్ చెట్లు 2", "15 గ్యాలన్ 4", "డ్రిప్, 2 వాల్వులు". రేటు కూడా ఎక్కువే. మా ఆవిడ రెండోదే మేలంటోంది. మా ఫ్రెండేమో "ఈ పదాలన్నీ నేర్చుకుని నువ్వేం చేస్తావ్, లైసెన్స్ చూసి తక్కువకి చేసేవాడికి ఇచ్చెయ్" అంటున్నాడు. మీరేమంటారు?

గిల్బర్ట్_బాబాయ్:
మీ ఫ్రెండ్ చెప్పిందే కరెక్ట్. డాక్టరు దగ్గరికెళ్లే ముందు మనం ఎంబీబీఎస్ చదువుతామా? అరిజోనాలో పని విలువ 1,000 డాలర్లు దాటితే కాంట్రాక్టర్‌కి లైసెన్స్ ఉండాలి. రిజిస్ట్రార్ ఆఫ్ కాంట్రాక్టర్స్ సైట్‌లో నంబరు కొడితే లైసెన్స్ నడుస్తోందో లేదో, ఫిర్యాదులున్నాయో లేదో తెలుస్తుంది. ఇళ్లకు హార్డ్‌స్కేప్ (రాళ్లు, దారుల లాంటివి), నీటి పైపుల పని చేసేవాళ్లది ఆర్-21 రకం లైసెన్స్. లైసెన్స్ ఉన్నవాడు ముంచితే ఆ రిజిస్ట్రార్ వాళ్ల రికవరీ ఫండ్ (నష్టపరిహార నిధి) నుంచి 30,000 డాలర్ల దాకా వచ్చే వీలుంది. లేనివాడు ముంచితే అది కూడా లేదు. ఇంతకు మించి బుర్ర పాడుచేసుకోకండి.

మెట్టచేను:
బాబాయ్ గారూ, లైసెన్స్ చూస్తే మనిషి సంగతి తెలుస్తుంది. పని సంగతి తెలిసేది కాగితంలోనే. ఒక్క లెక్క చూడండి. ఒక క్యూబిక్ యార్డు కంకర 2 అంగుళాల మందాన 162 చదరపు అడుగులకు వస్తుంది, 1 అంగుళానికి 324. అంటే 1,000 చదరపు అడుగుల పెరటికి ఒకడు ఆరు యార్డులు తోలతాడు, ఇంకొకడు మూడుతో సరిపెడతాడు. మొదటి కొటేషన్‌లో మందం రాయలేదు కాబట్టి మూడు తోలినా మాట తప్పినట్టు కాదు. కొన్నాళ్లకు మట్టి తేలితే మీరేమని గొడవ పడతారు?

మైనస్, స్క్రీన్డ్ అన్న తేడా కూడా చిన్నదేం కాదు. 1/4 మైనస్ అంటే పావు అంగుళం నుంచి పొడి దాకా అన్నీ కలిసే ఉంటాయి. తడిపి దిమ్మిస్ చేస్తే గట్టిపడుతుంది, నడిచే దారికి బాగుంటుంది. స్క్రీన్డ్ అంటే పొడి జల్లించి తీసేసిన కంకర, మొక్కల చుట్టూ పరవడానికి. వెనక తలుపు ముందు మైనస్ పోసి సరిగ్గా దిమ్మిస్ చేయకపోతే ఆ పొడంతా చెప్పులకంటుకుని హాల్లోకి వస్తుంది. మా బంధువులింట్లో టైల్స్ మీద ఎర్రటి గీతలు చూశాను, పాపం ఆవిడ రోజూ తుడుస్తూనే ఉంటుంది.

ఇంకోటి, 24 ఇంచ్ బాక్స్ అంటే చెట్టు ఎత్తు కాదు, దాన్ని పెంచిన చెక్క పెట్టె వెడల్పు. 15 గ్యాలన్ అన్నదీ అంతే, మొక్కను పెంచిన కుండీ సైజు.

గిల్బర్ట్_బాబాయ్:
మందం సంగతి ఒప్పుకుంటా. కానీ ఎలా రాసినా జెరిస్కేప్ అంటే రాళ్లే కదండీ. రాళ్లు పోయడానికి రెండు పేజీలెందుకు?

వేగాస్_వదిన:
కాదండీ! ఆ మాట 1981లో డెన్వర్ వాటర్ వాళ్లు పెట్టింది, నీళ్లు తక్కువ తాగే తోట అని. అందులో చెట్లుండాలి, నీడ ఉండాలి. ఇక్కడ లాస్ వేగాస్‌లో గడ్డి తీసేస్తే వాటర్ అథారిటీ డబ్బులిస్తుంది. కానీ మొక్కలు పూర్తిగా పెరిగాక ఆ స్థలంలో కనీసం సగం పచ్చగా కప్పేలా ఉండాలని షరతు. ఒట్టి రాళ్లు పోస్తే ఇవ్వరు. మీ ఫీనిక్స్‌లో 2023లో వరుసగా 31 రోజులు ఎండ 110 డిగ్రీల ఫారన్‌హీట్‌కు తగ్గలేదు కదా, ఆ ఎండలో పడమటి కిటికీ ముందు రాళ్లు పరిస్తే సాయంత్రం ఆ సెగంతా గదిలోకే. ఏసీ బిల్లు చూసి ఏడవాలి. నన్నడిగితే అక్కడ ఒక పాలో వెర్డీ చెట్టు పెట్టండి. మెస్కీట్ కూడా బాగా వస్తుంది, మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టమే.

"లో మెయింటెనెన్స్" అన్న మాటకు మాత్రం నేను పైసా ఇవ్వను. కంకరలో కూడా కలుపు మొలుస్తుంది. ప్రీ-ఎమర్జెంట్ మందు (కలుపు మొలవకుండా ముందే కొట్టేది) ఎవరు కొడతారు, మొదటిసారి కొట్టేది ఈ రేటులో ఉందా అని అడగండి.

పైపుల_పని:
నేను ఇరిగేషన్ పనిలోనే ఉన్నాను. ఆ రెండు పేజీల్లో నాకు అన్నిటికంటే నచ్చింది "2 వాల్వులు". చెట్టుకు నీళ్లు రెండు మూడు అడుగుల లోతు దిగాలి, అదీ అరుదుగా. పొదలకు అడుగున్నర, రెండడుగులు చాలు, కాకపోతే ఇంకాస్త తరచుగా ఇవ్వాలి. రెండూ ఒకే వాల్వు మీద పెడితే చెట్టన్నా ఎండాలి, పొదన్నా కుళ్లాలి. ఒక్క వాల్వుతో పని చవగ్గానే అయిపోతుంది, దాని ఫలితం రెండో వేసవిలో కనబడుతుంది. చెట్టు పెరిగేకొద్దీ ఎమిటర్లను (డ్రిప్ పైపుకు నీటి చుక్కలు వదిలే ముక్కలు) మొదలు దగ్గర్నుంచి కొమ్మల అంచు దాకా జరపాలి కూడా, ఈ మాట ఎవరూ చెప్పరు.

తర్వాత క్యాలిచీ. మట్టి కింద సున్నంతో గడ్డకట్టిన పొర. గునపం వేస్తే ఖంగుమని పైకి లేస్తుంది, దిగదు. గుంత తీసి నీళ్లు నింపితే మర్నాటికి కూడా అలాగే నిలబడి ఉంటాయి. అది తగిలితే తవ్వకానికి అదనంగా ఎంతో ముందే రాయించుకోండి.

గిల్బర్ట్_బాబాయ్:
ఎన్ని రాసుకున్నా, 2 అంగుళాలని రాసి అంగుళమే పోస్తే కొలిచేదెవరండీ?

మెట్టచేను:
మీరే కొలవాలి. చివరి వాయిదా డబ్బులు ఇచ్చేముందు స్కేలు పట్టుకుని పది చోట్ల గుచ్చండి. కాగితంలో అంకె ఉంటేనే ఆ స్కేలుకు విలువ.

గిల్బర్ట్_బాబాయ్:
సరే, కొలవగలిగే మాటలు నేర్చుకోవాలి, అంతవరకు ఒప్పుకుంటా. "డెజర్ట్ ఫ్రెండ్లీ", "హైడ్రోజోన్" లాంటివి సేల్స్‌మన్‌కే వదిలేయండి.

పైపుల_పని:
హైడ్రోజోన్ అంటే ఆ రెండు వాల్వుల సంగతే బాబాయ్ :)

చాండ్లర్_కొత్తిల్లు:
అందరికీ థ్యాంక్స్. మొదటి ఆయనకు ఫోన్ చేసి కంకర మందం ఎంత, వాల్వులెన్ని అని అడిగాను. "అన్నీ స్టాండర్డే సర్, టెన్షన్ పడకండి" అన్నాడు. మెయిల్‌లో రాసి పంపమంటే ఇంకా పంపలేదు. రెండో ఆయన క్యాలిచీ తగిలితే గంటకింత అని కాగితం మీదే కలిపాడు. పెద్ద చెట్లు రెండిటిలో ఒకటి 15 గ్యాలన్‌కు మారిస్తే రేటు తగ్గుతుందని కూడా ఆయనే చెప్పాడు. చిన్నది త్వరగానే నాటుకుని పెద్దదాన్ని అందుకుంటుందట. ఇంకొక్కటి: తవ్వే ముందు 811కి (భూమిలోని గ్యాస్, కరెంటు లాంటి లైన్లు ఎక్కడున్నాయో గుర్తు పెట్టించే నంబరు) ఫోన్ చేయాలంటున్నారు, అది నేను చేయాలా, ఆయనా?

పైపుల_పని:
తవ్వేవాళ్లే చేయాలి. ఉచితమే, కనీసం రెండు పనిదినాల ముందు చెప్పాలి. వాళ్లు వచ్చి రంగు గీతలు వేసేది మీటరు దాకా వచ్చే లైన్లకే. మీటరు దాటాక మీ ఇంటి వైపున్న పైపులకు, బార్బెక్యూకి వెళ్లే గ్యాస్ లైనుకు గీతలు పడవు. అవి ఎటు పోతున్నాయో బిల్డర్ ఇచ్చిన ప్లాన్‌లో చూసి ఆయనకు చూపించండి.