పాత పెట్రోల్ జీపు: వెనక మెయిన్ సీల్ మార్చాలంటే ఇంజన్ దించాల్సిందేనా?

దేవరకొండ_జీపు:
అన్నలకు నమస్తే. మా నాయన కొన్న మహీంద్రా సీజే3బీ, హరికేన్ పెట్రోల్ ఇంజన్. స్టార్టింగ్ బాగుంది, పొగ లేదు, వేడెక్కినా ఆయిల్ ప్రెషర్ పడిపోదు. కానీ బెల్ హౌసింగ్ (ఇంజన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య క్లచ్ ఉండే గుల్ల) అడుగున ఉన్న రంధ్రం నుంచి ఆయిల్ చుక్కలు చుక్కలుగా కారుతోంది, రాత్రి నిలబెడితే తెల్లారేసరికి అరచేయంత మరక. మొన్న శ్రీశైలం నుంచి వస్తూ ఈగలపెంట ఘాట్ ఎక్కుతుంటే రేస్ ఇస్తే ఇంజన్ అరుస్తోంది గానీ బండి లాగట్లేదు, అంటే క్లచ్ ప్లేటుకు కూడా ఆయిల్ పట్టినట్టుంది. ఇక్కడ ఒక షెడ్డులో చూపిస్తే వెనక సీల్ (క్రాంక్ షాఫ్ట్ వెనక కొస నుంచి ఆయిల్ కారకుండా ఆపేది) పోయింది, ఇంజన్ దించి క్రాంక్ తీయాలి, పనిలో పనిగా బోరింగ్ (అరిగిన సిలిండర్లను కోసి సాపు చేయడం) కూడా చేయించుకో అంటున్నారు. నాయన గుర్తుగా ఉంచుకున్న బండి, బాగున్న ఇంజన్‌ను ఊరికే విప్పించడం నాకు ఇష్టం లేదు. దించకుండా సీల్ మార్చే దారి ఉందా?

పాలమూరు_పానా:
తమ్మీ, బోరింగ్ మాట పక్కన పెట్టు. పొగ లేదు, ప్రెషర్ ఉంది, ఇంకెందుకు బోరింగ్? ముందు ఆ ఆయిల్ ఎక్కడిదో తేల్చు. చుక్కను వేలికి రాసుకుని వాసన చూడు, గేర్ ఆయిల్ అయితే చిక్కగా, గంధకం ఘాటుతో ఉంటుంది, అప్పుడు తప్పు గేర్‌బాక్స్ ముందు భాగంది. ఇంజన్ ఆయిలే అయినా వెనక సీలే అని ఒట్టేసి చెప్పలేం. మానిఫోల్డ్ కింద ఉండే వాల్వ్ కవర్ ప్యాకింగ్, ప్రెషర్ గేజుకు పోయే పైపు, ఫిల్టర్ గొట్టాలు, ఏది కారినా బ్లాక్ వెంట వెనక్కి జారి అక్కడే కింద పడుతుంది. ఇంజన్‌ను కిరసనాయిల్‌తో కడిగి ఆరబెట్టి, అనుమానం ఉన్న చోటల్లా పౌడర్ చల్లి కాసేపు నడిపితే తడి ఎక్కడ మొదలైందో కనపడుతుంది. నీ క్లచ్ కూడా జారుతోంది కాబట్టి నాకు లోపలి వైపే అనుమానం, వెనక సీల్ గానీ, క్యామ్ షాఫ్ట్ వెనక కొసకు కొట్టిన ప్లగ్గు గానీ. ఆ ప్లగ్గును ఎవరూ పట్టించుకోరు, సీల్ మార్చాక కూడా కారుతోందంటే చాలాసార్లు అదే దొంగ.

ఇంకోటి, బ్రీదర్, అంటే ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే దారి. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు పోయే పీసీవీ వాల్వ్ మసి పట్టి మూసుకుపోతే చాంబర్‌లో (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) గాలి ఒత్తిడి పెరిగి, ఎంత కొత్త సీల్ వేసినా ఆయిల్‌ను బయటికి నెడుతుంది. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడు, లోపలి నుంచి గాలి గట్టిగా కొడుతుంటే ముందు ఆ వాల్వ్, గొట్టం శుభ్రం చేయాలి.

జడ్చర్ల_విల్లీస్:
పైన అన్న చెప్పింది కరెక్ట్. సీల్ సంగతి నేను చెప్తా. ఈ ఇంజన్లలో రెండు రకాలు వస్తాయి, పాతవాటిలో తాడు ప్యాకింగ్, తర్వాతివాటిలో రెండు ముక్కల రబ్బరు సీల్. తాడు రకం పైముక్క సరిగ్గా కూర్చోబెట్టాలంటే క్రాంక్ తీయడమే మంచిది. రబ్బరుదైతే ఇంజన్ బండిలో ఉండగానే అవుతుంది. చాంబర్ దించి, వెనక మెయిన్ బేరింగ్ క్యాప్ తీసి, మిగతా రెండు క్యాపుల బోల్టులు కొద్దిగా వదులు చేస్తే క్రాంక్ వెంట్రుకవాసి కిందికి దిగుతుంది. అప్పుడు సన్నటి ఇత్తడి పుల్లతో పాత పైముక్కను ఒక పక్క నుంచి మెల్లగా తడితే రెండో పక్క కొస బయటికి వస్తుంది, కట్టింగ్ ప్లేయర్‌తో పట్టుకుని లాగెయ్యాలి. ఇనుప పుల్ల, స్క్రూడ్రైవర్ వద్దు, క్రాంక్ మీద గీత పడితే ఏ సీలూ ఆగదు. కొత్త ముక్కకు ఆయిల్ రాసి, క్రాంక్‌ను చేత్తో తిప్పుతూ లోపలికి తోయాలి, సీల్ పెదవి ఇంజన్ ముందు వైపుకు ఉండాలి. తిరగేసి వేస్తే మళ్లీ మొదటికే.

అందరూ వదిలేసేది క్యాప్‌కు రెండు పక్కలా ఉండే రబ్బరు ప్యాకింగులు. అవి బ్లాక్ అంచు కంటే పావు అంగుళం బయటికి ఉండాలి, చాంబర్ బిగిస్తే నొక్కుకుని ఆ సందును మూస్తాయి. పొడుగ్గా ఉన్నాయి కదా అని బ్లేడుతో సమానంగా కోసేస్తారు, దాంతో సీల్ బాగున్నా పక్కల నుంచి కారుతుంది. మెయిన్ క్యాపులు టార్క్ రెంచ్‌తో 65 నుంచి 75 ఫుట్ పౌండ్ల మధ్య, ఒక్కోటి బిగించాక క్రాంక్ తిప్పి చూడండి, పట్టేస్తే ఆగి వెతకండి. క్యాప్ తీసినప్పుడు బేరింగ్ షెల్స్ కూడా చూడండి, అరిగి క్రాంక్ ఊగుతుంటే కొత్త సీల్ ఎక్కువ రోజులు నిలవదు.

దేవరకొండ_జీపు:
చాలా థ్యాంక్స్ అన్నా, మనసు తేలికైంది. వాసన చూశా, ఇంజన్ ఆయిలే. మరి గేర్‌బాక్స్ దించాలా వద్దా?

పాలమూరు_పానా:
క్లచ్ ప్లేటు నానింది కదా, దించాల్సిందే. ఆయిల్ తాగిన ప్లేటును పెట్రోల్‌తో కడిగి మళ్లీ వేస్తారు కొందరు, ఒప్పుకోకు, కొత్తదే వెయ్యి. ఎలాగూ దించుతున్నావు కాబట్టి ఫ్లైవీల్ కూడా విప్పించి ఆ క్యామ్ ప్లగ్గు కళ్లారా చూసుకో, క్రాంక్ కొసన ఉండే బుష్ అరిగితే మార్పించు. క్లచ్ దుమ్ముకు, పాత తాడు ప్యాకింగుకు గాలి కొట్టి దుమ్ము లేపవద్దు, వాటిలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, తడి గుడ్డతో తుడిస్తే చాలు. సీల్ రాణిగంజ్‌లో గానీ పుత్లీబౌలిలో గానీ అడుగు, పాత ముక్క చేతిలో పట్టుకుని పో.

నకిరేకల్_అంబాసిడర్:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాది పాత 1489 సీసీ పెట్రోల్ అంబాసిడర్, అదీ వెనక కారుతోంది. ఇదే పద్ధతా?

జడ్చర్ల_విల్లీస్:
కాదన్నా. ఆ మూడు బేరింగుల బీఎంసీ ఇంజన్‌కు వెనక రబ్బరు సీలే ఉండదు. క్రాంక్ మీద మర లాగా గాడి చెక్కి ఉంటుంది, తిరిగేటప్పుడు అదే ఆయిల్‌ను లోపలికి తోస్తుంది. కాబట్టి ఆపినప్పుడు ఒకటి రెండు చుక్కలు దానికి మామూలే, ధారగా కారితే బ్రీదర్, మెయిన్ బేరింగులు చూపించండి. సీల్ మార్చామని ఎవరైనా బిల్లు వేస్తే పాత సీల్ చూపించమనండి.