అప్‌డేట్: కొమ్మ పూసింది, కానీ ఫోర్సీథియా కాదు

న్యూజెర్సీలో మా అక్క ఫోర్సీథియా అనే పూలపొద పుల్లలు కోసి నీళ్లలో పెడితే, బయట మంచు ఉండగానే ఇంట్లో పసుపు పూలు విచ్చాయి. వైజాగ్‌లో కుదురుతుందా అని జనవరిలో అడిగాను కదా! కుదరదని మీరన్నదే నిజం. ఆ మొగ్గలకి ముందు కొన్ని వారాలు గట్టి చలి తగలాలట. మనకేమో జనవరి రాత్రి కూడా 18 డిగ్రీలు.

సరేలే అని ఎంవీపీ కాలనీలో మా మేడ మీది దేవగన్నేరు కొమ్మ కోశాను. కొసన అప్పటికే గోరంత మొగ్గలున్నాయి. పాలు కారి చొక్కా పాడైంది, మరక ఇంకా వదల్లేదు. కోసినచోట ఆరాక చెంబులో నిలబెట్టి, రోజూ నీళ్లు మార్చాను. పన్నెండో రోజున రెండు పూలు! మిగతా మొగ్గలు రాలిపోయాయి. "చెట్టునే వదిలేస్తే పాతిక పూసేవి" అంది అమ్మ. ఆ కొమ్మనే ఇప్పుడు కుండీలో గుచ్చాను.