అమ్మ బీపీకి పొటాషియం ఉప్పు (మామూలు ఉప్పుకి బదులు వాడేది), మెగ్నీషియం మాత్రలు మొదలుపెట్టొచ్చా?

మాది కవిటి దగ్గర. అమ్మ టెల్మిసార్టన్ అనే బీపీ మాత్ర వేసుకుంటున్నా బీపీ 150 దాటుతోంది. ఈ రెండూ వాడమని షాపులో అన్నారు.

జవాబు: ఆగండమ్మా. నేను నర్సుని. మన ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంతుందో తెలిసిందే. ముందు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పేది), పొటాషియం చూపించండి. టెల్మిసార్టన్ పొటాషియాన్ని ఒంట్లో నిలుపుతుంది. కిడ్నీ బలహీనంగా ఉండి, పైనుంచి ఆ ఉప్పు కూడా పడితే గుండె లయ తప్పొచ్చు, ప్రాణం మీదికి రావొచ్చు.

ఇంకొకరు: మెగ్నీషియంతో తగ్గేది మహా అయితే రెండు మూడు పాయింట్లు. అన్నంలోకి ఆవకాయ, ఎండుచేప తగ్గించండి. ఉప్పు మొత్తం రోజుకి 5 గ్రాముల లోపే.

అడిగినవారు: రేపే పలాస తీసుకెళ్తా. రోజూ కొబ్బరినీళ్లు తాగుతుంది, పర్లేదా?

నర్సు: వాటిలోనూ పొటాషియమే. రిపోర్టు డాక్టరుగారు చూసేదాకా ఆపండి. బీపీ మాత్ర మాత్రం మాన్పించొద్దు.