బండికి బ్లింక్ అయ్యే లైటు పెడితే ఎదుటి వాళ్ళకి బాగా కనిపిస్తామా?

పూతలపట్టు రైడర్ అడిగిన ప్రశ్న:

అన్నలకు, అక్కలకు నమస్కారం. నాది 125 సీసీ బండి, నల్ల రంగు. రోజూ పూతలపట్టు వైపు నుంచి తిరుపతికి డ్యూటీకి వస్తాను, చీకటి పడ్డాక తిరిగి పోతాను. మొన్న చంద్రగిరి దగ్గర నా దారిన నేను నేరుగా వస్తా ఉంటే ఎదురుగా వచ్చే కారు ఉన్నట్టుండి కుడివైపుకి తిరిగేసింది, ఎట్లో బ్రేకు పట్టి ఆపుకున్నాను. అడిగితే "నువ్వు కనపడలేదయ్యా" అన్నాడు. పట్టపగలు, హెడ్‌లైటు వెలుగుతానే ఉంది, ఆయన అబద్ధం చెప్పినట్టు కూడా నాకు అనిపించలేదు. అప్పటి నుంచి ఇంట్లో వాళ్ళకి ఒకటే టెన్షన్.

ఆన్‌లైన్‌లో చిన్న డబ్బా ఒకటి అమ్ముతున్నారు, హెడ్‌లైటు వైరుకి తగిలిస్తే లైటు టపటపా కొట్టుకుంటుంది. ఎరుపు, నీలం రంగుల్లో మెరిసే ఎల్ఈడీ పట్టీలు కూడా ఉన్నాయి. వీటితో నిజంగా ఉపయోగం ఉందా? పోలీసులు పట్టుకుంటారా? బ్యాటరీ తట్టుకుంటుందా? వాడినవాళ్ళు చెప్పండి.

టౌన్‌క్లబ్ మెకానిక్:

తమ్ముడూ, ఎరుపు నీలం సంగతి ముందు వదిలెయ్. ముందువైపు ఎర్ర లైటు పెట్టకూడదు, వెనకవైపు తెల్ల లైటుతో తిరగకూడదు, రూల్ అది. నీలం మెరుపులు అంబులెన్సులకీ పోలీసు బండ్లకీ. అలిపిరి చెకింగ్ దగ్గర ఆపితే నువ్వేం చెప్పినా వినరు, విననవసరం లేదు కూడా.

ఆ డబ్బా సంగతికొస్తే, బ్యాటరీ గురించి కాదు నా భయం, వైరింగ్ గురించి. కంపెనీ వైరు మధ్యలో కోసి, మెలిపెట్టి, పైన ఇన్సులేషన్ టేపు చుట్టి పంపిస్తారు, నవంబర్ వానలకి నీళ్ళు దిగి ఒక రాత్రి హెడ్‌లైటు మొత్తానికే ఆరిపోతుంది. కనపడాలని పెట్టుకున్న వస్తువు వల్ల అసలు లైటే పోతే ఎంత ప్రమాదమో ఆలోచించు. వారంటీ కూడా పోతుంది.

పాల వ్యాన్ డ్రైవర్:

నేను తెల్లవారుజామున చిత్తూరు నుంచి పాల లోడుతో వస్తుంటాను, స్టీరింగ్ ముందు కూర్చున్నవాడికి ఎట్లా ఉంటుందో చెప్తా. అద్దానికి పక్కన నిలువు కంబి ఉంటుంది కదా, కారైనా వ్యానైనా, దాని వెనక ఒక బైకు మొత్తం దాక్కుంటుంది. మలుపు తిరిగేటప్పుడు నేను తల ముందుకీ వెనక్కీ ఆడించి చూస్తేనే తెలుస్తుంది. అట్లా చూడనివాళ్ళు చాలామంది ఉన్నారు.

ఇంకోటి, నేరుగా మా మీదికి వచ్చే బైకు ఒక చుక్క మాదిరి ఉంటుంది. పక్కకి కదలదు, చాలా దగ్గరికి వచ్చేదాకా పెద్దగా కూడా అవదు. మసక వెలుతురులో ఒక్క లైటు కనిపిస్తే అది దగ్గరున్న బైకో, దూరంగా వస్తున్న ఒంటిలైటు లారీయో అర్థం కాదు. నీ కారాయన కూడా నిన్ను చూసి ఉండొచ్చు, నువ్వు ఎంత దగ్గర ఉన్నావో, ఎంత స్పీడులో ఉన్నావో ఆయన లెక్కకి అందలేదు, అంతే. ఇప్పుడు ఆ ఒక్క చుక్క కూడా వెలిగి ఆరుతా ఉంటే చీకట్లో దూరం అంచనా వెయ్యడం మాకు ఇంకా కష్టం. ఒకసారి మన ఊరి జంక్షన్లు చూడు, డివైడర్ల మీద సోలార్ బ్లింకర్లు, బారికేడ్లకి ఎరుపు నీలం మెరుపులు. వాటి మధ్యలో ఇంకో మెరుపు వస్తే నేను బారికేడ్ అనే అనుకుంటా, బండి అనుకోను.

కరకంబాడి రోడ్:

వ్యాన్ అన్న చెప్పింది రాత్రికి పూర్తిగా కరెక్ట్. పగటికి మాత్రం కొంచెం వేరుగా చూడాలి. అమెరికాలో బైకు హెడ్‌లైటుకి మాడ్యులేటర్ పెట్టుకోవడానికి అక్కడి కేంద్ర నిబంధనలే ఒప్పుకుంటాయి. కానీ అది లైటుని పూర్తిగా ఆర్పదు, వెలుగుని తగ్గించి పెంచుతుంది, నిమిషానికి సుమారు 240 సార్లు, చీకటి పడితే సెన్సార్ దాన్ని ఆపేసి మామూలు లైటు చెయ్యాలి. ఆన్‌లైన్‌లో దొరికే చవక డబ్బాల్లో ఈ సెన్సార్ ఉంటుందని నమ్మి కొనకండి. పైగా అది అక్కడి రూల్, మన దగ్గర చూపించడానికి పనికిరాదు.

అయినా 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన కొత్త బండ్లకి పగటిపూట లైటు దానంతట అదే వెలుగుతూనే ఉంది కదా. న్యూజిలాండ్ ఆక్లాండ్‌లో చేసి 2004లో ప్రచురించిన ఒక అధ్యయనంలో పగలు హెడ్‌లైటు వేసుకున్నవాళ్ళకి గాయాలయ్యే ప్రమాదం 27 శాతం తక్కువ, మెరిసే జాకెట్ వేసుకున్నవాళ్ళకి 37 శాతం తక్కువ, నల్ల హెల్మెట్‌తో పోలిస్తే తెల్ల హెల్మెట్‌కి 24 శాతం తక్కువ అని తేలింది. లైటు పని బండి చేస్తోంది, మిగతా రెండూ మన చేతిలో ఉన్నాయి, వైరు కొయ్యాల్సిన పనే లేదు. మన ఊళ్ళో ఎటు చూసినా నల్ల హెల్మెట్లే, నాకు అది చాలా బాధగా ఉంటుంది.

జాకెట్ కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. నిమ్మపండు రంగు గుడ్డ పగలే పనిచేస్తుంది, రాత్రి హెడ్‌లైటు పడితే మెరిసేది వెండి రంగు పట్టీలు. నీలాగా రెండు పూటలా తిరిగేవాళ్ళకి రెండూ ఉండాలి.

పూతలపట్టు రైడర్:

చాలా థాంక్స్ అన్నా. మరి నా బండికి హజార్డ్ స్విచ్ పెట్టించి, హైవే మీద నాలుగు ఇండికేటర్లూ ఆడిస్తా పోతే? అది కంపెనీ లైటే కదా.

పాల వ్యాన్ డ్రైవర్:

వద్దు స్వామీ. నాలుగూ ఆడుతుంటే నువ్వు కుడికి తిరుగుతావో ఎడమకి తిరుగుతావో నాకెట్లా తెలుస్తుంది? వెనక వచ్చేవాడు బండి ఆగిపోయిందనుకుని నిన్ను దాటడానికి పక్కకి లాగుతాడు, సరిగ్గా అప్పుడే నువ్వు తిరిగితే? రోడ్డు పక్కన ఆగినప్పుడు వేసుకో, పోతా ఉన్నప్పుడు వద్దు.

స్కూటీ అక్క, చిత్తూరు:

అందరూ ముందు నుంచి వచ్చే కారు గురించే మాట్లాడుతున్నారు, నా భయమంతా వెనక నుంచి. బ్యాగు వేలాడి, చున్నీ జారి వెనక లైటు సగం మూసుకుపోయిన స్కూటర్లు రోజూ చూస్తున్నాను. నేను వెనక ఎర్ర రిఫ్లెక్టర్ టేపు, పక్కల పసుపు టేపు అంటించుకున్నాను, హెల్మెట్ వెనక కూడా ఒక ముక్క. లారీలకి అంటించేది, ఆటో స్పేర్స్ షాపులో అడిగితే కోసి ఇస్తారు. చెరకు ట్రాక్టర్లకి కూడా ఇది అంటించమని అందరం గట్టిగా అడగాలి, వెనక ఒక్క లైటు లేకుండా రోడ్డు నిండా చెరకుతో పోతుంటాయి, వాటిని గుద్దుకుని పోయేది మన బండ్లవాళ్ళే.

కరకంబాడి రోడ్:

అక్క చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. తమ్ముడూ, ఎదురుగా ఎవరైనా తిరగడానికి ఆగి ఉంటే అక్కడ స్పీడు తగ్గించి, నీ లేన్‌లోనే కొంచెం పక్కకి జరుగు. చుక్క పక్కకి కదిలితే కన్ను పట్టుకుంటుంది, కంబి చాటున ఉన్నా బయటపడతావు.

టౌన్‌క్లబ్ మెకానిక్:

లైటు కావాల్సిందే అనుకుంటే హెడ్‌లైటుకి రెండు పక్కలా కింద తక్కువ వాట్ల పసుపు లైట్లు, మెరవకుండా నిలకడగా వెలిగేవి, కిందికి వంచి బిగిద్దాం. పైన ఒకటి, కింద రెండు కనిపిస్తే వ్యాన్ అన్నకి దూరం తెలుస్తుంది. ఫ్యూజు, రిలే, విడిగా స్విచ్చు ఉండాలి. అవి ఆన్‌లైన్‌లో కొనకుండా, డ్యూటీ లేని రోజు పొద్దున్నే బండి తీసుకురా, హడావిడిగా చేసే పని కాదు ఇది.