ఒక్క హెడ్, మూడు పనులు: నాలుగు ఛానళ్లదా, రెండు ఛానళ్లదా?

బెజవాడ_తంత్రి
అందరికీ నమస్కారం. గిటార్‌కి ట్యూబ్ హెడ్ (వాల్వులతో పనిచేసే యాంప్, స్పీకర్ పెట్టె విడిగా ఉంటుంది) కోసం రెండేళ్లుగా డబ్బులు దాస్తున్నా. ఇప్పటికి కూడాయి, కానీ ఏది కొనాలో తేల్చుకోలేకపోతున్నా. నా వాయింపు మూడు చోట్ల. ఆదివారం చర్చిలో: క్లీన్ సౌండు (గరగర లేనిది), దాని మీద డిలే, రివర్బ్ (ప్రతిధ్వని, గుమ్మనే మోత). సీజన్‌లో ఆర్కెస్ట్రా: పాత మెలోడీ నుంచి మాస్ పాట దాకా ఏదడిగితే అది. నెలకోసారి ఫ్రెండ్స్‌తో మెటల్ బ్యాండు. క్యాబ్ (స్పీకర్ పెట్టె) ఉంది, రెండు వింటేజ్ 30 స్పీకర్లది, 16 ఓమ్స్.

చూసినవి మూడు. బెంగళూరులో ఒకాయన దగ్గర సెకండ్‌హ్యాండ్ మార్షల్ జేవీఎం410హెచ్. కొత్త మార్షల్ డీఎస్ఎల్100హెచ్ఆర్. మూడోది, డల్లాస్‌లో ఉన్న మా బావ సంక్రాంతికి వస్తూ ఈవీహెచ్ 5150 త్రీ, 50 వాట్లది, తెస్తానంటున్నాడు. ఒక్కటే కొనగలను, మళ్లీ పదేళ్ల దాకా మార్చలేను. వాడినవాళ్లు చెప్పండి.

గుంటూరు_లీడ్
తమ్ముడూ, ఆ జేవీఎం కండిషన్ బాగుంటే ఇంకేం చూడకు. పంతొమ్మిదేళ్లుగా ఆర్కెస్ట్రాలో లీడ్ వాయిస్తున్నా. అందులో ఎనిమిదేళ్లు ఈ హెడ్ మీదే.

నాలుగు ఛానళ్లు (కాలితో మార్చుకునే వేర్వేరు సౌండ్లు), ఒక్కోదానికీ గ్రీన్, ఆరెంజ్, రెడ్ అని మూడు మోడ్‌లు, మొత్తం 12. నేను వాడేది నాలుగే. మెలోడీకి క్లీన్ గ్రీన్. మాస్ బీటుకి క్రంచ్ (కొంచెం గరుకు) ఆరెంజ్, పాత మార్షల్ జేసీఎం800 తరహాలో ఉంటుంది. సోలోకి ఓడీ1, అంటే ఓవర్‌డ్రైవ్ ఛానలు. నాలుగోది మళ్లీ క్లీనే, కాకపోతే రెండో మాస్టర్ వాల్యూమ్ మీద, కొంచెం పెద్దగా. ఫుట్‌స్విచ్‌కి ఆరు బటన్లు. ఛానలు, మోడు, రివర్బు, ఎఫెక్ట్స్ లూపు (బయటి పెడళ్లు మధ్యలో కలిపే దారి), ఏ మాస్టర్ అన్నది, అన్నీ కలిపి ఒకే బటన్‌కి సేవ్ చేసుకోవచ్చు. పల్లవి అయ్యి బిట్ అందుకునే లోపు ఒక్కసారి కాలు వేస్తే చాలు. ఆ స్విచ్‌కీ హెడ్‌కీ మధ్య మామూలు గిటార్ కేబులే. తెగితే ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది.

డీఎస్ఎల్‌తో నీకు ఇబ్బంది ఎక్కడంటే, రెండు ఛానళ్లకీ కలిపి బాస్, మిడిల్, ట్రెబుల్ ఒకటే సెట్టు. క్లీన్ కోసం మిడిల్ తగ్గించావా, లీడ్ పీలగా పోతుంది. లీడ్ కోసం పెంచావా, క్లీన్ ముక్కుతో పాడినట్టుంటుంది. ఈవీహెచ్ 50లో కూడా ఒకటి, రెండు ఛానళ్లకి ఈక్యూ (ఈ బాస్, మిడిల్, ట్రెబుల్ సెట్టు) ఉమ్మడే.

మూడునాబులు
అన్నా, నేను ఒప్పుకోను. ఈక్యూ అనేది గదికి పెట్టుకునేది, పాటకు కాదు. హాల్ గుయ్‌మంటుంటే బాస్ తగ్గిస్తం, పరదాలు ఎక్కువున్న చోట ట్రెబుల్ పెంచుతం. హాల్ మారినప్పుడు తిప్పాలె గాని పాట పాటకూ తిప్పుడేంది? రెండు ఛానళ్లు, ముందర ఒక మంచి ఓవర్‌డ్రైవ్ పెడల్, గిటార్ మీద వాల్యూమ్ నాబ్. గంతే. ఇగ 100 వాట్లు ఎందుకు? 100కి 50కి తేడా 3 డీబీ (డెసిబెల్లు). చెవికి రెట్టింపు అనిపించాలంటే పది రెట్ల వాట్లు కావాలె. చర్చిల 20 వాట్లే ఎక్కువ.

మోడలర్_మహి
మోడలర్ (రకరకాల యాంపుల సౌండు డిజిటల్‌గా ఇచ్చే పెట్టె) కొంటే రెండు మూడు కిలోల్లో అన్నీ వచ్చేస్తాయి బ్రో.

బాస్‌బాబు
అడిగింది ట్యూబ్ హెడ్ గురించి మహీ.

గుంటూరు_లీడ్
మూడునాబులు గారూ, గదికి పెట్టే ఈక్యూ మిక్సర్ దగ్గరుంటుంది. నా దగ్గరుండేది నా సౌండుకి. క్లీన్‌లో స్ట్రాట్ గిటార్ సింగిల్ కాయిల్ పికప్, డిస్టార్షన్‌లో బ్రిడ్జి దగ్గరి హంబకర్ పికప్, రెండింటికీ ఒకే ట్రెబుల్ ఎట్లా సరిపోతుంది? జేవీఎంలో టోన్ నాబుల్లో ప్రెజెన్స్, రెజొనెన్స్ మాత్రమే ఉమ్మడి. బాస్, మిడిల్, ట్రెబుల్ ఛానల్‌కి వేరేగా ఉంటాయి.

పెడళ్ల సంగతి కూడా చెప్తా. హెడ్ కొనకముందు తొమ్మిది పెడళ్ల బోర్డు మోశాను, అన్నిటికీ ఒకే అడాప్టరు. తెనాలి దగ్గర ఒక పెళ్లిలో డ్యూయెట్ చరణం మధ్యలో అడాప్టర్ పిన్ను కదిలి మొత్తం చచ్చిపోయింది. గాయని నావైపు చూస్తోంది, నేను వంగి ఫోన్ లైటుతో పిన్ను వెతుకుతున్నా. ఆ రాత్రి నా పేమెంట్‌లో సగం కోత.

మూడునాబులు
అడాప్టర్ కథ అడాప్టర్‌ది. పెడళ్లది కాదు.

నా కథ వినుర్రి. నాలుగేండ్ల కింద మూడు ఛానళ్ల హెడ్ ఒకటి కొన్న. కంపెనీ పేరు వద్దులే. ఇంజినీరింగ్ కాలేజ్ ఫెస్ట్‌ల రెండో పాటకే గెయిన్ ఛానల్‌కి మార్చిన, టిక్కుమని రిలే (ఛానల్ మార్చే లోపలి స్విచ్) కొట్టుకుంది, సౌండ్ సగానికి పడిపోయింది. సన్నగ, దూరంగ రేడియోల నుంచి వచ్చినట్టు. మళ్ల వచ్చింది, మళ్ల పోయింది. షాపోళ్లు ఐదు నెలలు పెట్టుకున్నరు. ‘బోర్డు పోయింది, సగం యాంప్ ధర అయితది’ అన్నరు. రిపేర్ చేయించకుండనే తెచ్చుకున్న. బీరువా మీద పడి ఉంది. ఛానల్ పెరిగిన కొద్దీ లోపల రిలేలు, స్విచింగ్ బోర్డులు పెరుగుతయ్. అది పాడైతే ఈడ బాగు చేసేటోడు లేడు. అందుకే తమ్మునికి రెండు ఛానళ్లు అంటున్న.

వాల్వ్_వైద్యం
విశాఖలో యాంపులు రిపేరు చేస్తుంటాను. ముందు తంత్రి గారికి ఒక జాగ్రత్త.

అమెరికా నుంచి తెచ్చే హెడ్ వెనక ప్లేటు మీద ఏం రాసుందో మీ బావగారి చేత ఫొటో తీయించండి. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మీకు వోల్టేజీ తగ్గించి ఇస్తుంది, హెర్ట్జ్ మార్చదు. మన లైను 50 హెర్ట్జ్. 60కి చేసిన ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌లో 50 దగ్గర ఫ్లక్స్ 20 శాతం పెరుగుతుంది. డిజైన్‌లో ఆ సందు ఉంచి ఉంటే తట్టుకుంటుంది, లేకపోతే వేడెక్కుతుంది. మే నెలలో షామియానా కింద, నాలుగు గంటల ప్రోగ్రాంలో ఆ వేడి మీద ఆలోచించండి.

రెండోది, వోల్టేజీ. ట్యూబు హీటర్ 6.3 వోల్టులకి చేసినది. ఒక్క ఈఎల్34 (పవర్ ట్యూబు) హీటరే 1.5 ఆంపియర్లు లాగుతుంది, నాలుగింటికి 6. పల్లెలో లైను 230 నుంచి 180కి పడితే హీటర్‌కి అందేది 5 లోపు. క్యాథోడు సరిగా వేడెక్కకుండా గట్టిగా వాయిస్తే ట్యూబు ఆయువు తరుగుతుంది. జనరేటర్ 260 ఇస్తే 7 దాటుతుంది, అదీ చేటే. ఏ హెడ్ కొన్నా మంచి స్టెబిలైజర్ కొనండి. ఛానళ్లు ఎన్నన్నది ఆ తర్వాత సంగతి.

మూడునాబులు గారూ, ఒక ప్రశ్న. ఆరోజు సౌండు పడిపోయింది గెయిన్ ఛానల్లోనేనా, మూడింట్లోనూనా?

మూడునాబులు
మూడింట్ల.

వాల్వ్_వైద్యం
అయితే రిలే కాకపోవచ్చు. ఛానల్ రిలే పోతే సాధారణంగా ఆ ఛానల్ వరకే తేడా కనిపిస్తుంది. వెనక ఎఫెక్ట్స్ లూప్ ఉంటుంది కదా, రిటర్న్ జాక్ లోపల సన్నటి రేకు కాంటాక్టు ఉంటుంది. లూప్‌లో ఏమీ పెట్టనప్పుడు సిగ్నల్ అంతా దాని మీదుగానే పోతుంది. ఏళ్ల తరబడి వాడకపోతే అది నల్లబడుతుంది, స్టేజి అదిరినప్పుడల్లా వస్తూ పోతూ ఉంటుంది. సెండ్ నుంచి రిటర్న్‌కి ఒక చిన్న కేబుల్ గుచ్చి చూశారా?

మూడునాబులు
సర్, నేను పదిహేనేండ్ల నుంచి వాయిస్తున్న. నాకు రిలే సౌండు, జాక్ సౌండు తేడా తెల్వదా? షాపోళ్లు ఐదు నెలలు చూసిన్రు. మీరు యాంప్ చూడకుండనే జాక్ అంటున్నరు.

గుంటూరు_లీడ్
ఆయన అడిగింది కేబుల్ పెట్టి చూశారా అని. చూడలేదని చెప్పొచ్చుగా. ఒక్క యాంప్ పాడైందని ఆ కుర్రాడి మూడు పనుల్లో రెండు మానుకోమంటున్నారు మీరు.

మూడునాబులు
నేను మానుకోమనలే. పన్నెండు సౌండ్లు పెట్టుకొని ఎవరి సౌండో తెల్వకుండ వాయించుడు ఎందుకంటున్న. ఆర్కెస్ట్రాల గిటారు అంటే క్యాసెట్‌ల ఉన్నది మళ్ల దించుడే కదా.

గుంటూరు_లీడ్
ఇదా అసలు మాట! ఇంతసేపూ ఈక్యూ, రిలే అని ఎందుకు తిప్పారు?

మీరు ఆఫీసుకి సెలవైన రోజు వాయిస్తారు, నేను కూలికి వాయిస్తా. ఆ కూలితోనే నా కూతురి ఫీజు కట్టాను. రాత్రికి ముప్పై పాటలు. ఒక్కో పాటకి ఆ సంగీత దర్శకుడు, ఆరోజు స్టూడియోలో కూర్చున్న గిటారిస్టు కలిసి ఒక సౌండు ఎంచుకున్నారు. ముందు వరసలో కూర్చున్న ముసలాయన ఆ రెండు స్వరాలు విని కళ్లు మూసుకుంటాడు. ఆ పాట తన పెళ్లిలో వేసింది. అక్కడ నా సౌండు తీసుకెళ్లి పెడితే ఆయన పాట ఆయనకి దొరకదు. దించడం అంటే మీకు చిన్నతనంగా ఉందేమో. నాకు నాలుగు సౌండ్లు కావలసింది అందుకోసం.

బాస్‌బాబు
అన్నలూ, కాస్త నెమ్మది.

మూడునాబులు
నెమ్మదిగనే చెప్త.

మా నాయిన వరంగల్‌ల ఆర్కెస్ట్రాల గిటారిస్ట్. ఇరవై రెండేండ్లు. చిన్నప్పుడు స్టేజి పక్కన ఆయన గిటార్ బ్యాగ్ మీద పండుకునేటోణ్ణి. ఆయన చెయ్యి నాకు తెల్సు. మధ్య వేలు తీగ మీద కొంచెం ఆలస్యంగ పడేది, అందుకే ప్రతి స్వరం వెనక్కి లాగినట్టుండేది. గాని సౌండాయన గాయకుని మైకు పెంచి నాయిన లైను సున్నాకు దించేటోడు. ఇరవై రెండేండ్లల్ల ఎవ్వరూ ‘ఇది ఆయన గిటారు’ అని గుర్తుపట్టలే. పోయినంక సంతాప సభల కూడ సింగర్ల పేర్లే చదివిన్రు. నాకు ఒక్క సౌండ్ కావాలె. నా వెనక యాంప్ ఉండాలె, వాల్యూమ్ నా చేతిల ఉండాలె, విన్నోడు ఇది వీనిదే అనాలె. ఆర్కెస్ట్రాను చిన్నగ చూసి అనలేదన్నా. ఆ మాట తప్పే, వెనక్కి తీసుకుంటున్న. మిగతాది తీసుకోను.

గుంటూరు_లీడ్
మీ నాన్నగారి లైను దించిన పాపం ఆయన మీదా, ఆర్కెస్ట్రా మీదా లేదు తమ్ముడూ. నాకూ దించారు. అందుకే నేను 100 వాట్ల హెడ్ కొన్నా. మీరు 3 డీబీయే కదా అన్నారే, ఆ 3 డీబీ కోసం. డ్రమ్స్ పక్కన క్లీన్ చిట్లకుండా నిలబడాలి. మిక్సర్‌లో నా లైను సున్నా చేసినా స్టేజి మీద నా క్యాబ్ మోగుతూనే ఉంటుంది. ముందు నాలుగు వరసలకి నేను వినపడతా. మీ ఒక్క సౌండుకీ నా నాలుగింటికీ కారణం ఒకటే.

మూడునాబులు
ఇంతసేపటికి ఒక్క ముచ్చట మీద కలిసినం. ఈక్యూ సంగతి నేను ఇంకా ఒప్పుకోలేదు.

డల్లాస్_పిక్
జేవీఎం హెడ్ ఒక్కటే 22 కిలోల చిల్లర. విమానంలో బ్యాగుకి 23. ఎవరైనా అమెరికా నుంచి పంపుతామంటే పెట్టె బరువు కలిపి చూసుకోండి.

బెజవాడ_తంత్రి
నిజం చెప్పాలంటే ఈ రెండు రోజులూ మీ గొడవ చదివాకే నాకేం కావాలో తెలిసింది. బావకి ఫోన్ చేసి వద్దన్నాను. వెనక ప్లేటు మీద 120 మాత్రమే ఉందట. చర్చిలో, ఆర్కెస్ట్రాలో నేను పాటకి పనిచేసేవాణ్ణి. బ్యాండులో నాకంటూ సౌండు ఇంకా లేదు, వెతుక్కోవాలి. నాలుగు ఛానళ్లుంటే మూడు పాటలకిచ్చి ఒకటి నాకోసం ఉంచుకుంటా. జేవీఎం వైపే ఉన్నాను. కొనేముందు ఏం చూడాలి?

వాల్వ్_వైద్యం
వెనక 230 అని ఉందో లేదో మొదట. స్పీకర్ తగిలించకుండా ఆన్ చేయనివ్వొద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. మీ క్యాబ్‌ని 16 ఓమ్స్ సాకెట్‌లోనే పెట్టండి. అరగంట వేడెక్కనివ్వండి, చల్లగా ఉన్నప్పుడు అన్నీ బాగానే పలుకుతాయి. ఆ తర్వాత 12 మోడ్‌లూ ఒక్కొక్కటి మార్చి చూడండి. లైటు తగ్గించి నాలుగు ఈఎల్34లని గమనించండి. లోపల నారింజ వెలుగు మామూలే, బయటి రేకు ఎర్రబడుతుంటే వెంటనే ఆపేయండి. ప్రీయాంప్ ట్యూబుల మీద పెన్సిల్‌తో మెల్లగా తట్టండి, గంటలా మోగితే ఆ ట్యూబు మార్చాలి. లూప్‌లో కేబుల్ పెట్టీ తీసీ సౌండు పోల్చండి. ఎమ్యులేటెడ్ లైన్ అవుట్ (నేరుగా మిక్సర్‌కి ఇచ్చే సాకెట్) చర్చిలో పనికొస్తుంది, కానీ అది వాడేటప్పుడు కూడా స్పీకర్ తీయకండి.

గుంటూరు_లీడ్
బెంగళూరు దాకా పోయేముందు గుంటూరు రా. నాది విను. నీ గిటారుతో, నీ క్యాబ్ మీద.

మూడునాబులు
పొయ్యినప్పుడు క్రంచ్ ఆరెంజ్ ఒక్కటే పెట్టి, పది నిమిషాలు గిటార్ వాల్యూమ్ నాబ్ మాత్రమే తిప్పుకుంట వాయించు. తర్వాత మిగతావి.

ఇంకొకటి. రాత్రి బీరువా మీదికెల్లి హెడ్ దించిన. సెండ్ నుంచి రిటర్న్‌కి కేబుల్ పెట్టిన. సౌండ్ వచ్చింది. కేబుల్ తీస్తే పోతుంది, పెడితే వస్తుంది. మూడు ఛానళ్లూ.

వాల్వ్_వైద్యం
సంతోషం. ప్లగ్ పీకేసి, కాంటాక్ట్ క్లీనర్ ఆ రిటర్న్ జాక్‌లో కొంచెం కొట్టి, పిన్ను పది పదిహేనుసార్లు లోపలికీ బయటికీ ఆడించండి. పూర్తిగా ఆరేదాకా ఆన్ చేయకండి. అప్పటికీ రాకపోతే జాక్ ఒక్కటి మార్చితే చాలు, బోర్డు కాదు.

బెజవాడ_తంత్రి
లీడ్ అన్నా, ఆదివారం ఆరాధన అయ్యాక మూడింటికల్లా వస్తా. క్యాబ్ ఆటోలో తెస్తున్నా. కేబుల్ తేవాలా?

గుంటూరు_లీడ్
తే. గిటార్ కేబుల్ కాదు, స్పీకర్ కేబుల్. భోజనం ఇక్కడే.